వంటింటి తలుపు వెనక

డార్లాకి సెయింట్ లూయిస్‌లో, పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మిల్‌బర్న్ ఊరంతా ఆమెని రేపో మాపో పోయే మనిషిని చూసినట్టు చూడడం మొదలుపెట్టింది. కొట్లో గుడ్లు కొనుక్కుంటుంటే గల్లా దగ్గరావిడ చెయ్యి పట్టుకుని, "ఎర్ర దీపం పడినా కారాపకమ్మా, అక్కడ కాల్చేస్తారు" అంది. పెట్రోలు బంకు దగ్గర ఓ పెద్దాయన "చీకటి పడ్డాక కిటికీ దగ్గర నిలబడకండి" అన్నాడు. ఆయన సెయింట్ లూయిస్ వెళ్ళింది జీవితంలో ఒక్కసారి, అదీ మోకాలి ఆపరేషన్‌కి. మంచం మీంచి ఆయనకి కార్లు నిలిపే జాగా తప్ప ఏమీ కనబడలేదు. అయినా ఆ నగరం గురించి ఆయనకి తెలియని సంగతి లేదు.

మిల్‌బర్న్‌లో గొడుగు లేని ఇళ్ళు బోలెడున్నాయి. తుపాకీ లేని ఇల్లు మాత్రం వెతికినా దొరకదు. మంచం కింద ఒకటి, మందుల అలమరలో ఒకటి, పికప్ ట్రక్కు సీటు కింద ఒకటి, చర్చిలో పియానో వాయించే ఆవిడ చేతిసంచీలో ఒకటి. అవి పేలవా అంటే పేలతాయి. కిందటేడు ఒకాయన జేబులోంచి తాళాలు తీయబోయి తన పాదాన్నే కాల్చుకున్నాడు. అంతకుముందు ఒకాయన దొంగ దూరాడనుకుని, మంచినీళ్ళకి లేచిన పెళ్ళాన్ని కాల్చాడు. ఆవిడ బతికింది, కుడి చెయ్యి మాత్రం పైకి లేవదు. ఆదివారం వస్తే ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తారు. అవన్నీ ప్రమాదాలు. మిల్‌బర్న్‌లో జరిగితే ప్రమాదం, సెయింట్ లూయిస్‌లో జరిగితే నేరం. ఈ ముక్క ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

వీడ్కోలు విందు చర్చి కింది గదిలో పెట్టారు. పంది మాంసం, బీన్స్ కూర, జెల్లీలా వణికే ఆకుపచ్చ జెల్లో, దాని మీద తెల్లటి మిఠాయి ముక్కలు. ఎవరింటి గిన్నె వాళ్ళు తెచ్చి వరసగా పెట్టారు. తిన్నాక బహుమతులు. కొత్త ఇంటికి వెళ్ళేవాళ్ళకి దుప్పట్లో, గాజు గిన్నెలో ఇస్తారని డార్లా అనుకుంది. కళ్ళల్లో కొట్టే మిరప నీళ్ళ డబ్బాలు వచ్చాయి. తలుపు కింద పెట్టుకునే ఇనప కడ్డీ వచ్చింది. వచ్చే నెల ఏడో ఏట అడుగుపెట్టే కూతురు జూనీకి, బడిసంచీలో పెట్టుకుంటే గుండు దిగకుండా ఆపే పలక వచ్చింది. దానికి గులాబీ రంగు గుడ్డ తొడిగి, గుడ్డ మీద గుర్రప్పిల్లని కుట్టారు.

చివర్న డార్లా అత్తగారు ఓపల్ లేచింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం గది చివరిదాకా వినిపిస్తుంది. ఎర్ర రిబ్బను కట్టిన పెట్టె తెచ్చి కొడుకు వెండెల్ చేతిలో పెట్టింది. లోపల కొత్త పిస్తోలు.

"మీ నాన్న ఉంటే ఆయనే ఇచ్చేవాడు" అంది. "పెళ్ళాం బిడ్డల్ని పట్టుకెళ్తున్నావు. వట్టి చేతుల్తో పంపలేనురా."

పాస్టరు లైల్ ఆ పెట్టె మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. అది ఎన్నడూ వాడే అవసరం రాకూడదన్నాడు, వస్తే గురి తప్పకూడదన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. వెండెల్ కళ్ళు తుడుచుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఏసీలు బాగుచేస్తాడు, పెళ్ళాం ఉద్యోగం కోసం ఊరు విడిచి రావడానికి మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అతనికున్నదల్లా భయం. ఆ భయాన్ని చిన్నప్పట్నించి ధైర్యం అని పిలవడం నేర్పారు, అంతే.

విందయ్యాక గిన్నెలు కడగడానికి డార్లా అత్తగారింటికి వెళ్ళింది. అక్కడ వంటింటి తలుపు వెనక, చీపురూ ఏప్రనూ తగిలించే మేకు పక్కన, మామగారి తుపాకీ గోడకానుకుని ఉంటుంది. తాళం లేదు, గొలుసు లేదు. డార్లా ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ తలుపుని పూర్తిగా తెరవదు. తెరిస్తే పిడి గోడకి కొట్టుకుని చప్పుడవుతుంది. ఆ చప్పుడంటే ఆమెకి ఒళ్ళు మంట.

ఆ తుపాకీతోనే వెండెల్ తమ్ముడు రాయిస్ పోయాడు. వాడికప్పుడు పదిహేడేళ్ళు. తుడుస్తుంటే పేలిందని ఓపల్ చెప్పింది, షెరీఫు రాసుకున్నాడు, ఊరు నమ్మింది. ఏప్రిల్ నెల, వేట కాలం కాదు. వాడు పోయిన గది శుభ్రం చేసింది డార్లాయే, వెండెల్‌తో పెళ్ళికి ముందే. ఆ గదిలో తుడిచే గుడ్డ లేదు, నూనె సీసా లేదు, గొట్టంలో దూర్చే పుల్ల లేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, ఎవరూ అడగనూ లేదు. కొన్ని వారాలకి షెరీఫు తుపాకీ తిరిగిచ్చాడు. మామగారు దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ తలుపు వెనకే పెట్టాడు, ఎందుకంటే దాని చోటు అది. రాయిస్ పేరెత్తితే ఓపల్ గదిలోంచి లేచి వెళ్ళిపోతుంది. తుపాకీ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

"జూనీని నా దగ్గర వదిలెయ్యండి" అంది ఓపల్ ఆ సాయంత్రం, గిన్నెలు తుడుస్తూ. "ఇక్కడే బళ్ళో వేద్దాం. మీరు సెలవులకొచ్చి చూసుకోండి. అక్కడ నడిరోడ్డు మీద పిల్లల్ని కాల్చేస్తుంటే ఎట్లా తీసుకెళ్తావే అమ్మాయ్? తల్లివేనా?"

"నా పిల్ల నా దగ్గరే ఉంటుంది అత్తయ్యా."

ఓపల్ ఒంటికాలి మీద లేచింది. వెండెల్ మధ్యలోకొచ్చి, తనకి తెలిసిన పద్ధతిలో రాజీ చేశాడు. "ఒక పని చేద్దాం. అక్కడ మన మీద ఒక్క నేరమంటే ఒక్క నేరం జరిగినా, జూనీ అమ్మ దగ్గరికి వచ్చేస్తుంది. సరేనా డార్లా?"

డార్లాకి అలసటగా ఉంది. ఆ ఇంట్లోంచి బయటపడితే చాలనిపించింది. "సరే" అంది. "నాదీ ఒక మాట. ఆ పిస్తోలు నా ఇంట్లోకి రాకూడదు."

ఆ ఒప్పందంతో కూతురి బతుకుని ఒక్క చెడ్డ రోజుకి తాకట్టు పెడుతున్నానని ఆమె అప్పుడు అనుకోలేదు.

సెయింట్ లూయిస్‌లో వాళ్ళు అద్దెకి తీసుకున్నది ఇటుకల ఇల్లు. వీధంతా అలాంటి ఇళ్ళే, ముందు వరండాలు, వరండాల మీద కుర్చీలు, కుర్చీల్లో మనుషులు. సాయంత్రమైతే ఎవరో ఒకరు బొగ్గుల మీద మాంసం కాలుస్తుంటారు. వచ్చిన మొదటి వారమే ఎదురింటాయన వెన్న కేకు తెచ్చిచ్చాడు. వెండెల్ తలుపు సందులోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి అందుకున్నాడు.

అతను చేసిన ఏర్పాట్లు కోటకి కూడా ఎక్కువే. తలుపుకి మూడు తాళాలు, నాలుగు దిక్కులా కెమెరాలు, మంచం పక్కన ఇనప కడ్డీ. ఫోన్లో ఆ వీధివాళ్ళ గుంపులో చేరాడు. ఆ గుంపులో జనం రోజంతా అడుగుతుండేది ఒకటే ప్రశ్న, ఇప్పుడు పేలినవి తుపాకులా టపాకాయలా అని. జూన్ చివరి రోజులు కదా, జూలై నాలుగో తారీకు స్వాతంత్ర్యపు పండగ దగ్గరపడుతోంది. సందు చివర కుర్రాళ్ళు టపాకాయ వెలిగించినప్పుడల్లా వెండెల్ నేల మీద బోర్లా పడేవాడు. ఒకసారి జూనీనీ డార్లానీ స్నానాల తొట్టిలో పడుకోబెట్టి, మీద పరుపు కప్పాడు. బయట ఆకాశంలో పచ్చటి పువ్వులూ ఎర్రటి పువ్వులూ విచ్చుకుంటున్నాయి. జూనీ పరుపు కిందనుంచి, "అమ్మా, మనం చూడకూడదా?" అని అడిగింది. డార్లాకి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

పిస్తోలు ఇంట్లోకి రాలేదు. వెండెల్ మాట తప్పే మనిషి కాదు. దాన్ని పికప్ ముందు సీటు ఎదురుగా ఉన్న అరలో పెట్టాడు. పికప్ వెనకద్దం మీద మాత్రం మిల్‌బర్న్‌లో అంటించిన పెద్ద స్టిక్కరు ఉంది. రెండు తుపాకుల బొమ్మ, కింద "ముందు కాలుస్తాం, తర్వాత పలకరిస్తాం" అని. దాన్ని చూసి దొంగలు దడుచుకుంటారని అతని నమ్మకం.

పక్కింట్లో ఉండేది లటోన్యా. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, మాట కత్తిరించినట్టు ఉంటుంది. ఆమె కూతురు నైలా జూనీ వయసుదే. ఇద్దరూ కంచె సందులోంచి బొమ్మలు ఇచ్చిపుచ్చుకుని వారం తిరక్కుండానే ప్రాణ స్నేహితులైపోయారు. ఒక శనివారం నైలాని ఆడుకోడానికి పంపమని డార్లా అడిగింది. లటోన్యా డార్లా వాళ్ళ వరండా మెట్ల మీదకొచ్చి నిలబడింది.

"మా పిల్లకి వేరుశనగ పడదండి. మీకు కుక్క ఉందా?"

"లేదండి."

"ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళం వేసుందా?"

వేరుశనగ గురించి అడిగిన గొంతుతోనే అడిగింది. ఈ వీధిలో తల్లులందరూ అడుగుతారు, ఎవరూ తప్పు పట్టుకోరు. మిల్‌బర్న్‌లో పుట్టి పెరిగిన డార్లాకి మాత్రం మొహం మీద నీళ్ళు కొట్టినట్టయింది. అక్కడ ఆ ప్రశ్న అడిగితే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వరు. మీ ఆయన నిన్ను కొడతాడా అని అడిగినా ఊరుకుంటారుగానీ ఇది అడిగితే ఊరుకోరు.

"ఇంట్లో లేదు" అంది డార్లా. "పికప్‌లో ఉంది."

"తాళం?"

వెనక నుంచి వెండెల్ తల బయటపెట్టాడు. "పికప్‌కి తాళం వేస్తానండి, ఎప్పుడూ."

"పికప్‌కి సరే. అద్దానికి కూడా వేస్తారా?"

లటోన్యా ఆ స్టిక్కరు వైపు ఒకసారి చూసి, డార్లా వైపు తిరిగింది. "మా ఆయనదీ ఒకటుంది. ఇనప్పెట్టెలో ఉంటుంది, తాళంచెవి నా మెళ్ళో ఉంటుంది. మీ పాపని మా ఇంటికి పంపండి. అక్కడే ఆడుకుంటారు."

ఆమె వెళ్ళాక వెండెల్ ఇల్లు పీకి పందిరేశాడు. "మనల్ని హంతకులనుకుంటోందా? మనమా? ఈ ఊళ్ళో ఉంటూ, మనల్నా అడిగేది?"

"అడిగితే తప్పేముంది?"

"మర్యాద ఉండద్దూ?"

డార్లా జూనీ జుట్టు ముడేసి పక్కింటికి పంపింది. పిల్లలిద్దరూ ఆ మధ్యాహ్నమంతా లటోన్యా వరండాలో కూర్చుని బొమ్మలకి విందు చేశారు. గుండు దిగని పలకని తలకిందులుగా పెట్టి, గుర్రప్పిల్ల మొహం మీద చిన్న చిన్న టీ కప్పులు వరసగా పేర్చారు. మిల్‌బర్న్ ఇచ్చిన బహుమతుల్లో పనికొచ్చింది అదొక్కటే.

జూలైలో ఒక ఆదివారం ముగ్గురూ బేస్‌బాల్ చూడ్డానికి వెళ్ళారు. వెండెల్‌కి ఆ ఆటంటే ప్రాణం. చిన్నప్పుడు రాయిస్‌తో కలిసి పెరట్లో కూర్చుని రేడియోలో వినేవాడు. ఎప్పటికైనా కళ్ళతో చూద్దాంరా అని ఇద్దరూ అనుకునేవాళ్ళు. ఎర్ర చొక్కా తొడుక్కుని, మైదానం వెనక సందులో పికప్ నిలిపాడు. గేటు దగ్గర ప్రతి మనిషినీ తడిమి పంపుతారు, తుపాకీ లోపలికి పోనివ్వరు. ఆ సంగతి అతనికి తెలుసు కాబట్టి పిస్తోలు అరలోనే వదిలి, తలుపు తాళం వేసి, వేసిందో లేదో లాగి చూసుకున్నాడు.

"ఇంట్లో వదిలి రావచ్చుగా" అంది డార్లా. అన్నాక తన మాట తనకే వినబడి నాలుక కరుచుకుంది. ఇంట్లో వద్దన్నది ఆమే.

ఆట బాగుంది. జూనీ గొంతు పోయేలా అరిచింది. వెండెల్ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఊరొచ్చాక అతను భుజాలు దించుకుని కూర్చోవడం డార్లా చూసింది అప్పుడే. సాయంత్రం సందులోకి తిరిగి వచ్చేసరికి పికప్ పక్కద్దం లేదు. గాజు పెంకులు జూనీ కూర్చునే చిన్న సీటు నిండా మెరుస్తున్నాయి. అర తెరిచి ఉంది. డార్లా చలవ కళ్ళద్దాలు అక్కడే ఉన్నాయి. వెండెల్ పనిముట్ల పెట్టె అక్కడే ఉంది. జూనీ బొమ్మ కూడా సీటు మీద బుద్ధిగా కూర్చునే ఉంది. పోయింది ఒక్కటే.

సందులో అటూ ఇటూ నిలిపి ఉన్న కార్లన్నీ పెళ్ళికూతుళ్ళలా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"చూశావా?" అన్నాడు వెండెల్. "ఇదీ ఈ ఊరు. నేను చెప్పానా లేదా?"

వచ్చిన పోలీసు ఓ నడివయసావిడ, బబుల్‌గమ్ నములుతూ దిగింది. విరిగిన అద్దం కేసి పెద్దగా చూడలేదు. పికప్ వెనక్కి వెళ్ళి స్టిక్కరు చదివింది.

"ఇది మీరే అంటించారా?"

"అవునండి. దొంగలు భయపడతారని."

"మంచి పని చేశారు. లేకపోతే పాపం వాళ్ళు ఏ బండిలో ఉందో తెలీక అన్ని అద్దాలూ పగలగొట్టుకోవాల్సి వచ్చేది."

వెండెల్ మొహం ఎర్రబడింది. "మేడమ్, బాధితుణ్ణి నేను."

"కాదన్నానా? ఆట ఉన్న రోజున మాకు ఇవే ఫిర్యాదులు సార్. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో ఈ ఊరికి భయపడి తుపాకీ తెచ్చుకుంటారు. లోపలికి రానివ్వరు. బండిలో వదిలేస్తారు. సాయంత్రానికి అది ఇంకెవరి నడుముకో ఉంటుంది. ఆ తర్వాత ఈ ఊరు ఇంత ఘోరమేంటండీ అని మీరే మమ్మల్ని అడుగుతారు." బబుల్‌గమ్ ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చింది. "దాని మీద నంబరుంటుంది. చెప్పండి."

వెండెల్‌కి నంబరు తెలీదు. కొన్నది ఓపల్, కొట్టువాడిచ్చిన రసీదు ఆమె దగ్గరుంది.

"మీ అమ్మగారినడిగి చెప్పండి" అంది ఆమె. "ఎక్కడైనా దొరికితే మీదని తెలియాలిగా. ఎక్కడ దొరుకుతుందో మాత్రం అడక్కండి."

ఇంటికొచ్చే దారంతా ప్లాస్టిక్ కవరు కట్టిన కిటికీ టపటప కొట్టుకుంటూనే ఉంది. ఇంటి ముందు ఆపాక వెండెల్ ఇంజను కట్టేసి, ముందుకే చూస్తూ, "ఒక్కటి జరిగినా అనుకున్నాం డార్లా" అన్నాడు. "జరిగింది. జూనీని అమ్మ దగ్గరికి పంపాలి."

డార్లా అతని మొహంలోకి చూసింది. ఎగతాళికి అంటున్నాడేమో అనుకుంది. కాదు. మనస్ఫూర్తిగానే అంటున్నాడు. తెచ్చింది అతను, బోర్డు కట్టింది అతను, వదిలేసింది అతను. శిక్ష మాత్రం పిల్లకి, తనకి. అయినా ఆ మాటకి ఒప్పుకున్నది తనే.

ఆమె దిగి, పక్కింటి మెట్లెక్కింది. చెప్పక తప్పదనిపించింది. లటోన్యా కుర్చీలో కూర్చుని మొక్కజొన్న పొత్తులు వలుస్తోంది. డార్లా జరిగింది జరిగినట్టు చెప్పింది.

లటోన్యా చేతులు ఆగిపోయాయి. "అంటే పొద్దుటిదాకా అది మీ బండిలో ఉంది" అంది. "ఇప్పుడు మా వీధుల్లో ఉంది."

"తప్పయిపోయింది."

"నువ్వు ఇప్పుడు చెప్పడానికొచ్చావు, అది వేరే సంగతి. చాలామంది రారు." పొత్తు పక్కన పెట్టింది. "మా అన్న కొడుకు బస్సు కోసం నిలబడితే గుండు తగిలింది. పందొమ్మిదేళ్ళు. ఆ తుపాకీ పోలీసులకి దొరికింది. ఎక్కడో పల్లెటూరాయన బండిలోంచి పోయిందట. ఆయన పాపం మంచివాడేనట."

తర్వాత కంచె వైపు తిరిగి, "నైలా, లోపలికి రా" అని పిలిచింది. కంచె దగ్గర జూనీ ఒక్కతే మిగిలిపోయింది, చేతిలో టీ కప్పు పట్టుకుని.

పొద్దుగూకే వేళ సందు చివర వరసగా చప్పుళ్ళయ్యాయి. పండగ అయిపోయి ఎన్నో రోజులైంది, కుర్రాళ్ళ దగ్గర మిగిలిన టపాకాయలే అయ్యుండొచ్చు. వెండెల్ ఎప్పటిలాగే నేల మీదకి వాలాడు. ఇన్నాళ్ళూ అతన్ని చూసి విసుక్కున్న డార్లా ఈసారి గరిట పట్టుకున్న చేత్తోనే బిగుసుకుపోయింది. తనకేమవుతుందోనని కాదు. పేలింది మాదేనేమో అని. ఇకమీదట ఈ ఊళ్ళో ఏ చప్పుడైనా ఆమెకి అలాగే వినబడుతుంది.

మర్నాడు పొద్దున నంబరు కోసం వెండెల్ తల్లికి ఫోన్ చేశాడు. మెట్ల మీద కూర్చుని, ఫోను పక్కన పెట్టి, అందరికీ వినబడేలా చేశాడు. ఓపల్‌కి చెప్పాల్సిన కథని ముందే సిద్ధం చేసుకున్నాడు. బండి పగలగొట్టారని, సామాన్లు పట్టుకెళ్ళారని మొదలుపెట్టాడు. సామాన్లంటే ఏంటని ఓపల్ గుచ్చిగుచ్చి అడిగింది.

"నువ్విచ్చింది."

"అయ్యో నా తండ్రీ. బంగారం లాంటిది. పోన్లే, ఇంకోటి కొనిస్తాను, ఈసారి పెద్దది. నువ్వు క్షేమంగా ఉన్నావు, అంతే చాలు. అనుకున్నమాట గుర్తుందిగా? బండి బాగుచేయించి పిల్లని తీసుకొచ్చెయ్. దాని గదికి కొత్త పరదాలు కూడా కుట్టించాను."

వెండెల్ డార్లా వైపు చూశాడు. డార్లా వచ్చి అతని పక్క మెట్టు మీద కూర్చుంది. లటోన్యా గొంతుని గుర్తు చేసుకుంది, వేరుశనగ గురించి అడిగినట్టు అడగాలి, అంతకన్నా గట్టిగా అక్కర్లేదు.

"అత్తయ్యా, జూనీని పంపేముందు ఒక మాట అడగాలి. మీ ఇంట్లో తుపాకీ ఉందా?"

"ఏంటే నీ ప్రశ్న? నీకు తెలీదూ?"

"తెలుసు. ఇక్కడ పిల్లని ఇంకో ఇంటికి పంపేముందు అడుగుతారు. నేనూ అడుగుతున్నాను. తాళం వేసుందా?"

"అది మీ మామగారిది. ఆయన పెట్టిన చోటే ఉంది. నా ఇంట్లో నన్ను ఎవరూ ఇట్లా అడగలేదు. నీ పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకున్న బుద్ధులు నా దగ్గర చూపించకు. వెండెల్, నీ పెళ్ళాం ఏమంటోందో వింటున్నావా?"

వెండెల్ వింటున్నాడు. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, కింద మెట్టు మీద పడ్డ గాజు ముక్కని చెప్పుతో కదుపుతున్నాడు. జూనీ సీటులోంచి రాలినట్టుంది.

"అమ్మా" అన్నాడు. "దాంట్లో గుండ్లున్నాయా?"

"లేకపోతే దేనికిరా, పిండి ఒత్తుకోడానికా?"

"అప్పుడు కూడా ఉన్నాయి."

"ఎప్పుడు?"

"రాయిస్ అప్పుడు."

ఆ పేరు వాళ్ళమ్మ ముందు అతని నోటివెంట రావడం డార్లా ఎన్నడూ వినలేదు. ఓపల్ ఎదురుగా ఉంటే లేచి వెళ్ళిపోయేదే. ఫోను పట్టుకుని ఎక్కడికని వెళ్తుంది.

"వాడు తుడుస్తున్నాడు" అంది ఓపల్. గొంతు చిన్నదైపోయింది. "నీకు తెలుసు కదరా. తుడుస్తున్నాడు."

"ఏ గుడ్డతో అమ్మా?"

ఓపల్ వంటింట్లో గోడ గడియారం చప్పుడు ఫోన్లో వినబడింది. వెండెల్ కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళూ తనొక్కత్తికే తెలుసనుకున్న సంగతి అతనికీ తెలుసని డార్లాకి అప్పుడు తెలిసింది. కోపమంతా ఒక్కసారి జారిపోయి, అతని మీద జాలి ముంచుకొచ్చింది. చెయ్యి తీసి అతని వీపు మీద వేసింది.

"జూనీ రాదమ్మా" అన్నాడు వెండెల్. "అది ఆ తలుపు వెనక ఉన్నంతకాలం రాదు. నువ్వే రా. నీకు గది ఉంది. పిల్లని చూసుకుందువుగాని, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుండు."

ఓపల్ ముక్కు చీదిన చప్పుడయింది. కాసేపటికి తేరుకుని, కొడుక్కి పిచ్చెక్కిందా అన్నట్టు, నిజమైన భయంతో అడిగింది.

"అక్కడికెట్లా వస్తాన్రా? అక్కడ మనుషుల్ని కాల్చేస్తారు."